మొద్దుబార్చే సూది: 140 ఏళ్ల జాగ్రత్తల చరిత్ర

పన్ను పీకించుకున్నవారికి, గాయానికి కుట్లు వేయించుకున్నవారికి, సిజేరియన్ ద్వారా బిడ్డను కన్న తల్లులకు ఉమ్మడిగా ఒక అనుభవం ఉంటుంది. మెలకువగానే ఉంటారు. వైద్యుడి మాటలు వినబడుతూనే ఉంటాయి. పనిముట్ల చప్పుడు కూడా తెలుస్తుంది. నొప్పి మాత్రం తెలియదు. శరీరంలో ఒక భాగాన్ని మాత్రమే కొంతసేపు మొద్దుబార్చే ఈ ఔషధాన్ని వైద్యపరిభాషలో స్థానిక మత్తుమందు అంటాము. జనవ్యవహారంలో అది 'తిమ్మిరి సూది', లేదా 'మత్తు ఇంజెక్షన్'.

ఈ సూది విషయంలో ప్రజలలో రెండు రకాల అభిప్రాయాలు కనిపిస్తాయి. "చిన్న సూదే కదా, దానికింత ఆలోచనెందుకు?" అనేవారు కొందరు. "ఆ సూదితో మనిషి పోయాడని విన్నాం, మాకు వద్దు" అని భయపడేవారు మరికొందరు. ఈ రెండూ సరైనవి కావు. సక్రమంగా వాడినప్పుడు వైద్యంలో ఇంతగా నమ్మదగిన మందులు తక్కువ. అక్రమంగా వాడితే, కొద్ది నిమిషాలలో ప్రాణం తీయగల మందు కూడా ఇదే.

దీని చరిత్రను పరిశీలిస్తే ఒక క్రమం కనబడుతుంది. ప్రతి కొత్త మందూ పాతదానికంటే సురక్షితమైనదన్న పేరుతోనే వచ్చింది. ప్రతిదీ కొందరికి హాని చేసింది. ఆ హానిని దాచకుండా నమోదు చేసి, కారణాలు వెదికినవారి వల్లనే నేటి జాగ్రత్తలు ఏర్పడ్డాయి. అందుచేత మందు పేరు తెలిసినంత మాత్రాన భద్రత చేకూరదు. ఎంత ఇచ్చారు, ఎక్కడ ఇచ్చారు, ఇచ్చిన తరువాత ఎవరు గమనిస్తున్నారు అన్న మూడింటి మీదే అది ఆధారపడుతుంది.

కాలిగోరు కోసం పోయిన ప్రాణం

1846లో ఈథరు, 1847లో క్లోరోఫాం శస్త్రచికిత్సలో ప్రవేశించాయి. అంతకుముందు రోగిని నలుగురు పట్టుకుంటే తప్ప ఆపరేషన్ సాగేది కాదు. కనుక ఈ మందులు వరప్రసాదాలుగా తోచాయి. కాని 1848 జనవరిలో ఇంగ్లండులోని న్యూకాసిల్ సమీపంలో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక క్లోరోఫాం పీల్చిన కొద్ది నిమిషాలకే మరణించింది. ఆమెకు చేయవలసినది గుండె ఆపరేషనో, పొట్ట ఆపరేషనో కాదు. కాలిగోరు తీయడం! నేడు అదే పనికి వేలి మొదట్లో కొద్ది మిల్లీలీటర్ల స్థానిక మత్తుమందు సరిపోతుంది. రోగి అరగంటలో ఇంటికి నడిచి వెళతాడు.

క్లోరోఫాం మరణాలలో ముందు ఆగేది శ్వాసా, గుండెా అన్న వివాదం నలభై ఏళ్లు సాగి చివరకు మన హైదరాబాదు చేరింది. అక్కడి రెసిడెన్సీ సర్జన్, వైద్యపాఠశాల అధిపతి అయిన ఎడ్వర్డ్ లారీ, శ్వాసను జాగ్రత్తగా గమనిస్తే చాలు, క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదని గట్టిగా నమ్మాడు. ఆ విషయం తేల్చడానికి నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్థిక సహాయంతో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెండవదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. హైదరాబాదులోనే చదువుకుని, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరిగా పేరుపొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ కాలపువారే. వందల జంతువులపై పరీక్షలు జరిపి, ముందు ఆగేది శ్వాసేనని కమిషన్ తేల్చింది.

శ్వాసను కనిపెట్టుకుని ఉండాలన్న పాఠం గొప్పదే. కాని గుండెకు ముప్పు లేదన్న నిర్ధారణ నిలవలేదు. క్లోరోఫాం గుండె లయను నేరుగా చెదరగొట్టగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు చూపాయి. హైదరాబాదు వేసిన ప్రశ్నను పాఠకులు గుర్తుంచుకోవాలి. సుమారు తొంభై ఏళ్ల తరువాత అది వేరొక మందు రూపంలో మళ్లీ ఎదురైంది.

ఆకు నుంచి కంటిచుక్క వరకు

హైదరాబాదు కమిషన్లకు నాలుగేళ్ల ముందే ఆస్ట్రియా రాజధాని వియన్నాలో మరొక దారి తెరుచుకుంది. మనిషినంతటినీ నిద్రపుచ్చకుండా, కావలసిన చోటును మాత్రమే మొద్దుబార్చే దారి అది.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతాల ప్రజలు ఆకలి, అలసట తెలియకుండా ఉండటానికి కోకా ఆకును సున్నంతో కలిపి నమిలేవారు. మనవారి తాంబూలం వంటి అలవాటే. 1860లో జర్మనీలో ఆల్బర్ట్ నీమన్ ఆ ఆకు నుంచి తెల్లని స్ఫటికాలను వేరుచేసి, కొకెయిన్ అని పేరు పెట్టాడు. నాలుకపై వేసుకుంటే అక్కడ స్పర్శ పోతుందని కూడా రాశాడు. రెండు దశాబ్దాలకు పైగా ఆ పరిశీలన శస్త్రవైద్యులకు అక్కరకు రాలేదు.

1884లో వియన్నాలో యువవైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ కొకెయిన్‌పై ఒక వ్యాసం ప్రచురించాడు. అతని దృష్టి అలసట, మనోవ్యాకులతలపై ఉండేది. అతని మిత్రుడు కార్ల్ కోలర్‌కు కంటి వైద్యంపై ఆసక్తి. కంటి ఆపరేషన్ జరుగుతుండగా రోగి కదలకూడదు. వైద్యుడు చెప్పినట్లు చూపు తిప్పాలి. తరువాత వాంతులు కాకూడదు. ఈథరు, క్లోరోఫాంలతో ఇవి సాధ్యమయ్యేవి కావు. నాలుకను మొద్దుబార్చే మందు కంటిని మాత్రం ఎందుకు మొద్దుబార్చదని కోలర్ ఆలోచించాడు. ముందు కప్ప కంటిలో, తరువాత కుందేలు, కుక్కల కళ్లలో చుక్కలు వేసి చూశాడు. ఆపై తన కంటిలోనే వేసుకుని గుండుసూది తలతో తాకించుకున్నాడు. ఏమీ తెలియలేదు. 1884 సెప్టెంబరు 15న జర్మనీలోని హైడెల్‌బర్గ్ నేత్రవైద్య సభలో ఈ విషయం వెల్లడైంది. ప్రయాణానికి డబ్బు లేక కోలర్ వెళ్లలేకపోతే, జోసెఫ్ బ్రెటావర్ అనే మరొక వైద్యుడు అతని పత్రాన్ని చదివాడు.

చుక్క నుంచి సూదికి

చర్మం కింద మందు ఎక్కించే సిరంజి 1853 నాటికే వాడుకలోకి వచ్చింది. కనుక కంటిచుక్క సూదిమందుగా మారడానికి కొద్ది నెలలు కూడా పట్టలేదు. అదే ఏడాది చివరలో న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్, రిచర్డ్ హాల్ అనే వైద్యులు నాడి పక్కనే కొకెయిన్ ఎక్కిస్తే, ఆ నాడి వ్యాపించిన భాగమంతా మొద్దుబారుతుందని కనుగొన్నారు. కింది దవడ పళ్లకు దంతవైద్యులు నేటికీ ఇచ్చే సూది మూలం అదే.

వారు ఈ పరీక్షలను తమ మీద, తమ సహచరుల మీద చేసుకున్నారు. ఫలితంగా హాల్‌స్టెడ్ కొకెయిన్‌కు బానిసయ్యాడు. ఆ వ్యసనం మాన్పించడానికి ఇచ్చిన మార్ఫిన్‌కూ బానిసయ్యాడు. తరువాత జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఆధునిక శస్త్రచికిత్సకు మార్గదర్శకుడైన ఆ మహావైద్యుడు మార్ఫిన్ నుంచి బయటపడలేదని, సహచరుడు విలియం ఆస్లర్ రాసిపెట్టిన పత్రాలు 1969లో వెలువడ్డాక లోకానికి తెలిసింది.

రోగులకు జరిగిన నష్టం మరొక విధమైనది. అప్పటి వైద్యులకు మోతాదు హద్దు తెలియదు. ఐదు, పది శాతం, ఒక్కోసారి అంతకంటే చిక్కని ద్రావణాలు ఎక్కించేవారు. మందు నాడి దగ్గర ఆగకుండా రక్తంలో కలిసి మెదడుకు, గుండెకు చేరేది. రోగి కలవరపడేవాడు, మూర్ఛలు వచ్చేవి, కొందరికి శ్వాస ఆగేది. 1891 నాటికి ఇటువంటి విషప్రభావాలు సుమారు 200, మరణాలు 13 వైద్యపత్రికలలో నమోదయ్యాయి.

పలచన చేయడమే తొలి ఔషధం

ఈ మరణాలకు మొదటి పరిష్కారం కొత్త మందు రూపంలో రాలేదు. పాత మందునే పలచగా వాడటం ద్వారా వచ్చింది. పారిస్‌లో పాల్ రెక్లూ ద్రావణాన్ని అర శాతానికి తగ్గించి, రోగిని పడుకోబెట్టి ఇస్తే ప్రమాదాలు తగ్గుతాయని చూపాడు. బెర్లిన్‌లో కార్ల్ ష్లైష్ అంతకంటే పలచని ద్రావణాన్ని కోతపెట్టే చోట పొరపొరగా నింపితే చాలని నిరూపించాడు. 1892లో జర్మన్ శస్త్రవైద్యుల సభలో ఆయన ఈ విషయం చెబుతూ, ఇంత సులువైన పద్ధతి ఉండగా చిన్న ఆపరేషన్లకు మనిషిని పూర్తిగా మత్తులోకి పంపడం తగదన్నాడు. సభ ఆగ్రహించి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆయన చెప్పిన మార్గమే తరువాత అందరిదీ అయింది.

రెండవ మెట్టు ఎక్కించినవాడు హైన్రిష్ బ్రౌన్. రక్తనాళాలను ముడుచుకునేలా చేసే అడ్రినలిన్ 1901లో శుద్ధరూపంలో లభించింది. దానిని అతిస్వల్పంగా మత్తుమందులో కలిపితే, ఆ చోట రక్తప్రసరణ తగ్గి మందు నెమ్మదిగా రక్తంలో కలుస్తుందని, అందుచేత మొద్దుబారడం ఎక్కువసేపు నిలుస్తుందని, విషప్రభావం తగ్గుతుందని 1903లో ఆయన చూపాడు. మూడవ మెట్టు, వ్యసనం కలిగించని మందు. ఆల్‌ఫ్రెడ్ ఐన్‌హార్న్ తయారుచేసిన ప్రొకెయిన్‌ను 1905లో బ్రౌనే పరీక్షించి వైద్యులకు పరిచయం చేశాడు. నోవొకెయిన్ అన్న పేరుతో అది దాదాపు నలభై ఏళ్లు లోకమంతా రాజ్యమేలింది. అయితే ఆ జాతి మందులు కొందరిలో అలర్జీ కలిగించేవి.

వెన్నులోకి వెళ్లిన సూది

1898 ఆగస్టులో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీర్, చీలమండకు క్షయ సోకిన ఒక రోగికి వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి కొకెయిన్ ఎక్కించి, నొప్పి లేకుండా ఆపరేషన్ చేశాడు. తరువాత తన మీదే చేయించుకోబోతే సిరంజి సరిగ్గా అమరక వెన్నుద్రవం చాలా కారిపోయింది. అప్పుడు అతని సహాయకుడు హిల్డెబ్రాంట్ ముందుకు వచ్చాడు. సూది ఇచ్చాక కాలిపై సుత్తితో కొట్టినా, చుట్టతో కాల్చినా అతనికి నొప్పి తెలియలేదు. కాని మరునాటి నుంచి ఇద్దరూ బాధపడ్డారు. ముఖ్యంగా బీర్‌ను లేచి కూర్చుంటే వచ్చే తీవ్రమైన తలనొప్పి చాలా రోజులు మంచాన పడేసింది. ఆ తలనొప్పిని దాచకుండా 1899లో తన పత్రంలో రాశాడు. ద్రవం కారడమే దానికి కారణమన్న అవగాహన అక్కడి నుంచే పెరిగింది. నేడు వెన్నుసూదులు జుట్టంత సన్నగా ఉండటానికి అదే కారణం.

సిజేరియన్ తరువాత "వెన్నులో సూది వేశారు, అప్పటి నుంచి నడుమునొప్పి" అని చెప్పే తల్లులు మనకు చాలామంది. సూది గుచ్చిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండవచ్చు. ఏళ్ల తరబడి సాగే నడుమునొప్పికి గర్భభారం, కండరాల బలహీనత, బిడ్డను ఎత్తుకునే తీరు వంటి కారణాలే సాధారణం. కాని కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి ప్రసవం తరువాత వస్తే దానిని వెంటనే వైద్యులకు చెప్పాలి. దానికి చికిత్స ఉంది.

మందు సరైనదైనా, చేతులు నేర్పుగలవైనా, శుభ్రత లోపిస్తే ఏమవుతుందో 1947 అక్టోబరులో ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్‌లో తెలిసింది. ఒకే రోజు, ఒకే ఆసుపత్రిలో, చిన్న ఆపరేషన్ల కోసం వెన్నులో మత్తు తీసుకున్న వూలీ, రో అనే ఇద్దరు కార్మికులకు కాళ్లు శాశ్వతంగా చచ్చుబడ్డాయి. మందు ఆంప్యూళ్లను క్రిమిరహితం చేయడానికి ఫినాల్‌లో ఉంచేవారు. గాజులో కంటికి కనబడని పగుళ్లగుండా ఫినాల్ లోపలికి చేరిందని అప్పటి న్యాయస్థానం భావించింది. 1954లో తీర్పు చెబుతూ, 1947 నాటికి ఆ ప్రమాదం ఎవరికీ తెలియదు కనుక వైద్యునిది నిర్లక్ష్యం కాదన్నది. సిరంజీలు మరిగించే పాత్రను శుభ్రం చేసిన ఆమ్లం మిగిలిపోయి ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు అభిప్రాయపడ్డారు. కారణం ఏదైనా, మత్తుమందు కాని పదార్థం వెన్నులోకి చేరిందన్నది సారాంశం. ఒకసారి వాడి పారవేసే సిరంజీలు, సూదులు వృథా ఖర్చనుకునేవారు ఆ ఇద్దరినీ తలచుకోవాలి.

ఈ ప్రమాదం నేటికీ మరొక రూపంలో ఉంది. రక్తస్రావం ఆపడానికి వాడే ట్రానెక్సామిక్ ఆమ్లం ఆంప్యూల్, వెన్నులో ఇచ్చే మత్తుమందు ఆంప్యూల్ చూడటానికి ఒకేలా ఉండి, సిజేరియన్ సమయంలో ఒకదానికి బదులు మరొకటి ఇచ్చిన ఘటనల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో హెచ్చరించింది. ఆంప్యూల్ పగలగొట్టే ముందు పేరు పైకి చదివే అలవాటు ఆపరేషన్ థియేటర్‌లో చాదస్తం కాదు.

జైలోకెయిన్ పుట్టుక

ఇప్పుడు మన ఊళ్లలో చిన్న ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రి దాకా ఉండే లిగ్నోకెయిన్ స్వీడన్‌లో పుట్టింది. స్టాక్‌హోమ్‌లో బార్లీ మొక్కలలోని ఒక పదార్థాన్ని పరిశోధిస్తూ, దానికి దగ్గరి రూపాన్ని తయారుచేసిన హోల్గర్ ఎర్ట్‌మన్, రుచి చూస్తే నాలుక మొద్దుబారింది. అతని శిష్యుడు నిల్స్ లోఫ్‌గ్రెన్ ఏళ్ల తరబడి ఆ కుటుంబపు రసాయనాలు ఒక్కొక్కటే తయారుచేస్తూ పోయాడు. 1943లో తయారైన దానిని బెంట్ లుండ్‌క్విస్ట్ అనే యువ విద్యార్థి తనకు తానే సూదిగా ఇచ్చుకుని పరీక్షించాడు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలతో దానికి ఎల్.ఎల్.30 అని సంకేతనామం పెట్టారు. ఆస్ట్రా కంపెనీ 1948లో దానిని జైలోకెయిన్‌గా విడుదల చేసింది. త్వరగా పనిచేస్తుంది, చాలాకాలం నిల్వ ఉంటుంది, అలర్జీ అత్యంత అరుదు. ఇన్నేళ్లు గడిచినా దాని స్థానం చెక్కుచెదరలేదు.

అది పనిచేసే తీరు కూడా తెలుసుకోవడం మంచిది. నొప్పి వార్త నాడి వెంట ప్రయాణించాలంటే నాడి పొరలోని సన్నని ద్వారాలగుండా సోడియం లోపలికి ప్రవేశించాలి. ఈ మందు లోపలివైపు నుంచి ఆ ద్వారాలను మూసివేస్తుంది. చీము పట్టిన చోట ఆమ్లత ఎక్కువ కావడం వల్ల మందు నాడిలోకి సరిగ్గా చొరబడదు. పన్ను కింద చీము ఉన్నప్పుడు సూది వేసినా నొప్పి తెలియడానికి కారణం ఇదే. అటువంటప్పుడు మళ్లీ మళ్లీ సూదులు వేస్తూ పోతే మొత్తం మోతాదు తెలియకుండానే హద్దు దాటుతుంది. వైద్యుడు "ముందు చీము తగ్గనిద్దాం, నాలుగు రోజులాగి రండి" అంటే రోగి విసుక్కోకూడదు.

సోడియం ద్వారాలు నొప్పి నాడులకే కాదు, మెదడుకు, గుండెకు కూడా ఉన్నాయి. మందు పొరపాటున రక్తనాళంలోకి వెళ్లినా, మోతాదు మించినా అది ఆ ద్వారాలనూ మూస్తుంది. పెదవుల చుట్టూ తిమ్మిరి, నోటిలో లోహపు రుచి, చెవులలో హోరు, తల తిరగడం, మాట తడబడటం మొదటి హెచ్చరికలు. తరువాత కండరాలు అదిరి మూర్ఛ వస్తుంది. ఆపై శ్వాస, గుండె దెబ్బతింటాయి. అందుకే మంచి వైద్యుడు సూది గుచ్చాక పిస్టన్ కొద్దిగా వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూస్తాడు. మందు కొద్దికొద్దిగా ఎక్కిస్తూ రోగితో మాట్లాడుతూ ఉంటాడు. ఆ కబుర్లు మర్యాద కోసమే కాదు, అవి పరీక్ష కూడా.

హైదరాబాదు ప్రశ్న మళ్లీ వచ్చింది

లిగ్నోకెయిన్ ప్రభావం గంట, రెండు గంటలకు మించదు. ఎక్కువసేపు నిలిచే మందు కోసం స్వీడన్‌లోనే 1957లో బుపివకెయిన్ తయారైంది. ప్రసవవేదన తగ్గించడానికి, ఆపరేషన్ తరువాతి నొప్పికి అది అద్భుతంగా పనిచేసింది. కాని 1979లో జార్జ్ ఆల్‌బ్రైట్ అనే అమెరికా మత్తువైద్యుడు ఒక సంపాదకీయంలో కలవరపరిచే విషయం రాశాడు. ఈ మందు పొరపాటున రక్తనాళంలోకి వెళ్లినప్పుడు కొందరిలో మూర్ఛతోపాటే గుండె ఆగిపోతున్నదని, శ్వాస అందించినా, గుండెను ఒత్తినా తిరిగి కొట్టుకోవడం కష్టమవుతున్నదని ఆయన హెచ్చరించాడు. శ్వాసను కనిపెట్టుకుంటే గుండె తనను తాను చూసుకుంటుందన్న పాత ధీమా ఇక్కడా చెల్లలేదు. లిగ్నోకెయిన్ గుండెలోని ద్వారాలను త్వరగా విడిచిపెడుతుంది. బుపివకెయిన్ పట్టుకుంటే త్వరగా వదలదు. ప్రసవ సమయంలో 0.75 శాతం బుపివకెయిన్ వాడకూడదని 1984లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ కట్టడి చేసింది. ఇది కూడా పలచన పాఠమే.

విరుగుడు అనుకోని వైపు నుంచి వచ్చింది. షికాగోకు చెందిన గై వైన్‌బర్గ్, రక్తంలో కొవ్వు ఉంటే ఈ విషప్రభావం పెరుగుతుందేమోనన్న అనుమానంతో ఎలుకలపై పరీక్షించాడు. ఫలితం తలకిందులైంది. కొవ్వు ద్రావణం ఎక్కించిన ఎలుకలు ఎక్కువ మోతాదును తట్టుకున్నాయి. 1998లో ఆయన దానిని ప్రచురించాడు. 2006లో న్యూయార్కులో, గుండె ఆగి మామూలు చికిత్సకు స్పందించని ఒక రోగి ఆ ద్రావణంతో బ్రతికినట్లు నమోదైంది. నోటితో తినలేని రోగులకు ఆహారంగా ఎక్కించే, సోయా నూనెతో చేసిన తెల్లని 20 శాతం కొవ్వు ద్రావణమే అది. కిలో బరువుకు 1.5 మి.లీ. చొప్పున మొదట ఇస్తారు. పెద్ద మోతాదులో స్థానిక మత్తు ఇచ్చే ప్రతి చోటా ఆ సీసా చేతికందేలా ఉండాలి. పాల వంటి ఆ సీసా, ఆక్సిజన్, శ్వాస అందించే సంచి లేని చోట పెద్ద మత్తు ఇవ్వడం ధైర్యం అనిపించుకోదు.

సీసా మీది శాతం, మనిషి బరువు

140 ఏళ్ల అనుభవం చివరకు ఒక చిన్న గుణకారంలో ఇమిడి ఉంది. ఒక శాతం ద్రావణమంటే ప్రతి మిల్లీలీటరులో 10 మి.గ్రా. మందు. రెండు శాతమంటే 20 మి.గ్రా. అడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్‌కు సాధారణంగా చెప్పే గరిష్ఠ హద్దు కిలో బరువుకు 4.5 మి.గ్రా., మొత్తం 300 మి.గ్రా. మించకూడదు. అడ్రినలిన్ కలిస్తే కిలోకు 7 మి.గ్రా., మొత్తం 500 మి.గ్రా. కొన్ని దేశాలలో ఇంతకంటే తక్కువ హద్దులు పాటిస్తారు.

50 కిలోల మనిషికి లెక్క చూద్దాం. అడ్రినలిన్ లేకుండా 225 మి.గ్రా., అంటే రెండు శాతం మందు సుమారు 11 మి.లీ. పది కిలోల పసిబిడ్డకు 45 మి.గ్రా., అంటే రెండు మి.లీ.ల పైచిలుకు మాత్రమే. బల్ల మీద ఉండే 30 మి.లీ.ల రెండు శాతం సీసాలో 600 మి.గ్రా. మందు ఉంటుంది. ఏ లెక్కన చూసినా అది ఒక మనిషి హద్దుకు మించినదే. కాలేయ వ్యాధి, గుండె బలహీనత ఉన్నవారికి, వృద్ధులకు హద్దును ఇంకా తగ్గించాలి. లిగ్నోకెయిన్‌ను విరిచి బయటకు పంపేది కాలేయమే.

ఈ అంకెలు ఇక్కడ ఇచ్చింది ఎవరూ సొంతంగా సూది వేసుకోవడానికి కాదు. విశాలమైన చోటును మొద్దుబార్చే పనులు ఇప్పుడు ఆసుపత్రుల బయట కూడా జరుగుతున్నాయి. జుట్టు నాటడం, కొవ్వు తీయడం వంటివి గంటల తరబడి సాగుతాయి, సూదులు అనేకసార్లు పడతాయి. అక్కడ మోతాదు ఎవరు లెక్కిస్తున్నారు? మూర్ఛ వస్తే చూసుకోగల వైద్యుడు ఉన్నాడా? ఈ ప్రశ్నలు అడగడం మీ హక్కు. జవాబు చెప్పలేని చోటు నుంచి లేచి రావడం మీ బాధ్యత.

రోగులు తెలుసుకోవలసినవి

"నాకు మత్తుసూది పడదు" అని చెప్పేవారిలో అధికశాతం మందికి నిజమైన అలర్జీ ఉండదు. సూది చూసి భయంతో స్పృహ తప్పడం, అడ్రినలిన్ వల్ల కొద్దిసేపు గుండె దడదడలాడటం అలర్జీగా ముద్రపడతాయి. అయినా ఆ సంగతిని వైద్యుడికి వివరంగా చెప్పాలి. ఏ మందు, ఎంతసేపటికి, ఏమైంది అన్నవి కాగితంపై రాయించుకుని దాచుకుంటే మరీ మంచిది. చర్మంపై చేసే చిన్న పరీక్షకు ఏమీ కాకపోతే ఇక ప్రమాదం లేదనుకోకూడదు. మోతాదు మించితే కలిగే విషప్రభావాన్ని ఆ పరీక్ష చెప్పలేదు.

సూదికి ముందు గుండె జబ్బు, రక్తపోటు, కాలేయ వ్యాధి, మూర్ఛ, గర్భం ఉన్నాయేమో చెప్పండి. వాడుతున్న మందుల చీటీ చూపండి. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే వెన్నుసూదికి ముందు తప్పనిసరిగా తెలపాలి. ఆ మందులను మీ అంతట మీరు మాత్రం ఆపకండి. సూది ఇస్తుండగా చెవులలో హోరు, పెదవుల తిమ్మిరి, తల తిరగడం అనిపిస్తే ఓర్చుకోకుండా వెంటనే చెప్పండి. పంటికి వేసిన సూదితో కింది పెదవి మొద్దుబారడం సహజమే. తెలియని చోట పెదవులు తిమ్మిరెక్కితేనే అది హెచ్చరిక. పంటి వైద్యం తరువాత మొద్దుదనం తగ్గేవరకు పిల్లలకు తినడానికి ఏమీ పెట్టకండి. తెలియక పెదవి, బుగ్గ కొరుక్కుంటారు. మొద్దుబారిన చోట వేడినీటి కాపడం పెట్టకండి. కాలినా తెలియదు.

కోలర్ కంటిని తాకిన గుండుసూది మొదలు వైన్‌బర్గ్ ఎలుకల వరకు ఈ చరిత్రలో ఎందరో తమ శరీరాలను, పేరుప్రతిష్ఠలను పణంగా పెట్టారు. ఎందరో రోగులు తమకు తెలియకుండానే మూల్యం చెల్లించారు. వారి వల్ల తెలిసినది చాలా వరకు మూడు మాటలలో చెప్పవచ్చు: పలచగా, నెమ్మదిగా, చూస్తూ. ఈ మూడూ పాటించే వైద్యుడి చేతిలో ఆ సూదికి భయపడవలసిన పని లేదు.